తాగని రోజు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ రిజెక్టక్క అంటారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఎదురుగా అనేంత ధైర్యం సూపర్‌వైజరుకే లేదు. కుట్టు పూర్తయి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి, కాలరు నుంచి కింది మడత దాకా చేత్తో తడిమి చూసి, బాగుంటే ఇటు, బాగోకపోతే అటు పడేయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే బల్ల. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. చొక్కాను పక్కన పడేసే ముందు, లోపం సరిగ్గా ఎక్కడుందో అక్కడ ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి. బాణం లేకుండా వెనక్కి పంపిస్తే కుట్టినవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన అవసరమూ లేదు. ఎక్కడో ఏదో తేడాగా ఉందంటే అక్కడ కుదరదు.

ఇంట్లో మాత్రం ఈ పద్ధతి నడవలేదు. ఆమె మొగుడు చేసిన ఘనకార్యాలకు బాణాలు అంటించాలంటే ఫ్యాక్టరీలో ఉన్న స్టిక్కర్లన్నీ తెచ్చినా చాలవు.

ఆయన పాలిష్ మేస్త్రి. ఫర్నిచర్ షాపు వెనక ఉన్న షెడ్డులో పని. ఆయన చెయ్యి పడితే ఎంత మొండి చెక్కయినా మొహం చూసుకునేంత నిగనిగలాడుతుందని షాపు ఓనరే ఒప్పుకుంటాడు, ఆ ఓనరు ఒకరిని మెచ్చుకోవడమంటే మాటలు కాదు. కాకపోతే ఆ చెయ్యి కొన్నేళ్లుగా మందు పడితే తప్ప నిలకడగా ఉండేది కాదు. ముందు రాత్రి నిద్ర పట్టడానికని మొదలైంది, తర్వాత పొద్దున్నే వణుకు ఆగడానికి, ఆ తర్వాత ఎందుకంటే ఏం చెబుతాం, ఎందుకూ లేకుండానే. "తాగలేదే" అనే మాట మాత్రం ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తలుపు పట్టుకుని నిలబడలేని స్థితిలోనూ అదే మాట. నిన్న ఏం చేశావంటే నిజంగానే గుర్తుండేది కాదు, గుర్తులేదంటే ఆమె నమ్మేది కాదు.

మానెయ్యాలని ఆయన చూడకపోలేదు. రెండుసార్లు సొంతంగానే మానేశాడు. మగాడన్నాక మనసు గట్టి చేసుకుంటే చాలని ఆయన అక్క, అంటే ఈమెకు వదిన, పెద్ద ధైర్యం చెప్పింది. రెండోసారి మూడో రోజున ఒళ్లంతా చెమటలు పట్టి, గోడ మీద లేని చీమలను దులపడం మొదలుపెట్టాడు. ఇదంతా సీసా కోసం ఆడే నాటకమని ఆమె పట్టించుకోలేదు. కాసేపటికి ఫిట్స్ వచ్చి కింద పడిపోయాడు. అప్పుడు ఆస్పత్రికి పరుగు తీశారు, అక్కడే డాక్టరమ్మ దొరికింది.

"నాటకం కాదమ్మా అది" అంది డాక్టరమ్మ. "ఏళ్ల తరబడి మందుకి అలవాటైపోయిన మెదడు. ఉన్నట్టుండి ఆపేస్తే తట్టుకోలేదు. ప్రాణం మీదికి వస్తుంది కూడా. దగ్గరుండి, దానికి తగ్గ మందులిచ్చి మాన్పించాలి. మనసు గట్టి చేసుకుంటే షుగరు తగ్గుతుందా ఎవరికైనా?"

ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఆ గండం గట్టెక్కించింది. ఆ ఎనిమిది రోజుల్లోనే, ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించి ఇంకో సంగతి కనిపెట్టింది. మందు కన్నా ముందే ఆయనకు దిగులు జబ్బు ఉందట. తెల్లారకముందే మెలకువ రావడం, ఇక ఏదీ బాగుపడదనిపించడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, ఇవన్నీ అందులో భాగమట. పెళ్లాంగా ఆమె దాన్ని పొగరు అనుకుంది ఇన్నాళ్లూ. "రెండు జబ్బులు ఒకే ఇంట్లో అద్దెకు దిగాయమ్మా. ఒకదాన్ని ఖాళీ చేయించి రెండోదాన్ని వదిలేస్తే అది మళ్లీ మొదటిదాన్ని పిలుచుకొస్తుంది" అని డాక్టరమ్మ రెండింటికీ వైద్యం మొదలుపెట్టింది. దిగులుకు ఒక మాత్ర. వారానికోసారి వచ్చి మాట్లాడటం. మందు జోలికి పోకుండా ఇంకో మాత్ర.

ఆ చివరి మాత్ర సంగతి చెప్పాలి. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ఒళ్లు తిరగబడుతుంది. మొహం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, పరిస్థితి విషమించినా ఆశ్చర్యం లేదు. ఆయనకు తెలియకుండా కలిపి పెట్టడానికి వీల్లేదని, ఆయన ఒప్పుకుంటేనే ఇస్తానని డాక్టరమ్మ ఖరాకండిగా చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. దానితో పాటు ఒక కాగితం ఇచ్చారు. సెంట్లు, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లు, కొన్ని దగ్గు మందులు కూడా పడవని అందులో ఉంది. రిజెక్టక్క ఇంటికి రాగానే అల్మారా ఊడ్చిపారేసింది. మొగుడి సెంటు సీసాతో పాటు పాప దగ్గు మందు కూడా చెత్తబుట్టలో పడింది.

"నన్ను కూడా కడిగి ఆరేస్తావా?" అన్నాడు మేస్త్రి. చాలా రోజుల తర్వాత ఆయన వేసిన జోకు అది.

ఆమె నవ్వలేదు. "బావా, ఒక్క మాట విను. ఇదే ఆఖరిసారి. ఇంకోసారి తాగావని తెలిస్తే పాపని తీసుకుని వదినావాళ్లింటికి వెళ్లిపోతా. ఇది బెదిరింపు కాదు. నాకిక ఓపిక లేదు."

"సరే" అన్నాడాయన.

అప్పటినుంచి ప్రతిరోజూ ఏడింటికి మాత్ర అరచేతిలో పెట్టడం, మింగాక నోరు తెరవమని నాలుక కింద చూడటం. పాపకు తొమ్మిదేళ్లు, అదీ పక్కనే నిలబడి తొంగిచూసేది. మొదట్లో ఓనరు ఆయనకు పాలిష్ పని ఇవ్వలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయని, షెడ్డు బయట ఆరుబయట కూర్చోబెట్టి చెక్కలకు గరుకు కాగితం రుద్దే పని ఇచ్చాడు. మేస్త్రి మారు మాట్లాడకుండా రుద్దాడు. ఇరవై మూడు రోజులు అలా గడిచాయి. ఇరవై మూడు రోజులంటే ఏముందని మీకనిపించవచ్చు. ఆ ఇంట్లో అన్ని రోజులు వరసగా మనశ్శాంతిగా గడిచి ఎన్నేళ్లయిందో ఆమెనడగండి.

ఇరవై నాలుగో రోజు పదకొండున్నరకు ఫ్యాక్టరీ ఆఫీసులోంచి పిలుపొచ్చింది. ఫోన్లో మేస్త్రితో పనిచేసే కుషన్ బాబాయి. సోఫాలకు కుషన్లు కుట్టే పెద్దాయన, ఉన్న మాట నాన్చకుండా చెప్పే మనిషి.

"అమ్మా, మీ ఆయన పడిపోయాడు. మొహం ఎర్రగా అయిపోయింది, వాంతులు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. నువ్వు కూడా వచ్చెయ్."

"తాగాడా బాబాయ్?"

"ఏమోనమ్మా. అందరూ అదే అంటున్నారు."

ఆమె చేతిలో ఉన్న చొక్కా అలాగే పట్టుకుని గేటు దాకా వెళ్లి, వాచ్‌మన్ గుర్తు చేస్తే తిరిగిచ్చింది.

ఆస్పత్రిలో మేస్త్రి మంచం మీద పడి ఉన్నాడు, చేతికి సెలైన్. మొహం కందిపోయి ఉంది, బట్టల నిండా గుప్పుమని స్పిరిట్ వాసన. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ వాసన చూశాడు, ఏ మాత్ర వాడుతున్నాడో విన్నాడు, తల ఊపాడు. "మందు తాగి ఉంటాడు. ఈ మాత్ర మీద తాగితే ఇలాగే అవుతుంది. బతికిపోయాడు" అని కాగితం మీద అదే రాసిచ్చాడు. ఓనరు ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. సీసా దొరక్క పాలిష్‌లో కలిపే స్పిరిటే తాగి ఉంటాడని, అది విషమని, రేపటి నుంచి షాపు ఛాయలకు రావొద్దని తెగేసి చెప్పాడు.

మేస్త్రి కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు. "తాగలేదే" అన్నాడు.

ఇన్నేళ్లుగా విన్న మాటే. అదే గొంతు, అదే ఒక్క ముక్క. ఆమె ఆయన మొహం మీదే అంది. "తాగావు బావా. ఎప్పుడు తాగావో, ఎక్కడ తాగావో నీకు గుర్తుండదు, నీకు ఎప్పుడు గుర్తుంది గనక. ఇక నాకు చెప్పకు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. వదిన అప్పటికే వచ్చి కూర్చుంది. సొంత తమ్ముడని వెనకేసుకొచ్చే మనిషి కాదు. "నా తమ్ముడే అయినా చెబుతున్నా, వీడు మారడు. నీ వయసంతా వీడికి కాపలా కాయడానికే సరిపోయింది. పాప బట్టలు సర్దు, మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది" అంది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

సర్దుదామనే లేచింది ఈమె. బీరువా తలుపు తీసి నిలబడి పాప గౌన్లు చూస్తుంటే, ఏమనిపించిందో ఏమో, చెయ్యి ముందుకు పోలేదు. ప్రేమ పొంగుకొచ్చిందనుకునేరు, అదేం కాదు. ఆ పూట ఆమెకు మొగుడి మీద పీకల దాకా కోపముంది. కానీ పదకొండేళ్లు బాణం అంటించిన చెయ్యి ఊరుకోవడం లేదు. ఏడింటికి మాత్ర మింగాడు, నాలుక కింద తను చూసింది. ఎనిమిదిన్నరకు షాపులో ఉన్నాడు. పదకొండున్నరకు పడిపోయాడు. ఎప్పుడు తాగాడు? ఎక్కడ తాగాడు? ఏ సీసా? తాగాడని ఇంతమంది అన్నారు గానీ, ఇదిగో ఇక్కడ అని ఒక్కళ్లూ చూపించలేదు.

"వదినా, రేపు సాయంత్రం దాకా ఆగు" అంది బీరువా మూసేసి.

"రేపు సాయంత్రానికి ఏం మారుద్దే?"

"ఏం మారకపోవచ్చు. ఎక్కడ తాగాడో తేల్చుకుని వెళ్తాను. తేలకుండా వెళ్తే బతికినంత కాలం నాకు అదే సందేహం."

"నీ పిచ్చి నీది" అంది వదిన. కానీ వెళ్లిపోలేదు, పాప పక్కనే పడుకుంది. తెల్లారాక దాన్ని బడికి తయారుచేసి తనే తీసుకెళ్లి, అటునుంచి అటే వాళ్లింటికి వెళ్లింది.

పొద్దున రిజెక్టక్క ఆ రోజుకు సెలవు పెట్టి ఫర్నిచర్ షాపుకు వెళ్లింది. మేస్త్రి అప్పటికి లేవలేదు, లేచినా లేవనట్టే ఉన్నాడు. మాత్రలేవీ ఇవ్వలేదు ఆమె, డాక్టరమ్మను అడగకుండా ఇవ్వకూడదనుకుంది. ఓనరు ఆమెను చూడగానే మొహం చిట్లించాడు.

"మళ్లీ పనిలో పెట్టుకోమని అడగడానికైతే వద్దమ్మా."

"అడగడానికి రాలేదు. స్పిరిట్ తాగాడన్నారు కదా. ఎక్కడుంటుందో చూపించండి."

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది గానీ, ఆమె కదిలేలా కనిపించలేదు. తన గదిలో ఇనప బీరువా తాళం తీసి డబ్బా చూపించాడు. తాళం ఒక్కటే, అది ఆయన జేబులోనే ఉంటుంది. చేతుల వణుకు తగ్గిందని నిన్న పొద్దునే మళ్లీ పాలిష్ పని అప్పజెప్పి, ఒక సీసాలో పోసి ఇచ్చాడట, మేస్త్రి దాన్ని అందరి ముందే లక్కలో కలిపేశాడట.

"లక్క కలిపాక తాగడానికి పనికొస్తుందా?"

"జిగురమ్మా అది. నాలుక మీద పెడితే అంటుకుపోద్ది" అన్నాడు కుషన్ బాబాయి వెనక నుంచి. "ఇంకోటి చెప్పనా, వాడు నిన్న పొద్దున్నుంచీ గది దాటి బయటికి రాలేదు. నేను ఎదురుగానే కూర్చున్నా. టీకి కూడా రాలేదు, తడి ఆరిపోద్ది అన్నాడు."

"ఈ మాట నిన్నే చెప్పొచ్చు కదా బాబాయ్."

పెద్దాయన తల వంచుకున్నాడు. "నన్నెవరూ అడగలేదమ్మా. పైగా మనిషిని చూస్తే తాగినోడిలాగే ఉన్నాడు. నేను కూడా అదే అనుకున్నా."

"ఏ గది అది?"

షెడ్డు చివర పాలిష్ గది. అందులో పదహారు మంది కూర్చునే మీటింగు టేబులు, సగం దాకా మెరుస్తోంది, సగం మసకగా ఉంది. తెరిచిన తలుపులోంచి గాలి ధారాళంగా వస్తోంది, వాసన పెద్దగా లేదు. అంతా మామూలుగానే ఉందనిపించింది. ఆమె వెనక్కి తిరగబోయి ఆగింది. చొక్కానైతే ఇలా పైపైన చూసి వదిలేయదు. తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది.

"బాబాయ్, నిన్న ఆయన పని చేసినప్పుడు గది ఇలాగే ఉందా?"

"ఇలాగెలా ఉంటదమ్మా, దుమ్ము పడితే పాలిష్ నాశనం. తేమ గాలి తగిలితే తెల్లగా మచ్చలు కడుతుంది. పాలిష్ పెట్టేటప్పుడు కిటికీలు బిగించాలి, ఫ్యాను ఆపాలి, తలుపు కింద గుడ్డ కుక్కాలి. మామూలు కుర్చీలకైతే అరగంటలో అయిపోద్ది. నిన్నది పెద్ద టేబులు కదా, ఎనిమిదిన్నరకు మూసుకున్నాడు."

"అలాగే మూయండి. పాలిష్ కలపండి, ఆయన ఎలా పెడతాడో అలా పెట్టండి."

"నీకేమన్నా పిచ్చా" అన్నాడు ఓనరు.

"ఉంది" అంది ఆమె. "మూయండి."

కుషన్ బాబాయికి పాలిష్ పని కొద్దో గొప్పో తెలుసు. కిటికీలు బిగించి, తలుపు కింద గుడ్డ కుక్కి, దూదిని గుడ్డలో పెట్టి ఉండలా చుట్టి, లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి టేబులు మీద గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. చేతికి ఏమీ లేదు, ఉత్త చెయ్యి. గుడ్డ పిండినప్పుడల్లా వేళ్ల సందుల్లోంచి కారి మణికట్టు దాకా పాకుతోంది. మెరుపు రావాలంటే దగ్గరగా వంగి వెలుతురుకు ఏటవాలుగా చూస్తూ రుద్దాలట. ముక్కుకూ టేబులుకూ మధ్య జానెడు కూడా లేదు. ఆమె కూడా పక్కన వంగింది. ఐదు నిమిషాలకు కళ్లు మండాయి. పది నిమిషాలకు గొంతు గరగరలాడింది. పావుగంటకు తల దిమ్మెక్కి, నేల కొంచెం పక్కకు జరిగినట్టయింది. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి ఆమె. అక్కడ పావుగంట ఉన్నందుకే ఇలా ఉంటే, ఆయన మూడు గంటలున్నాడు.

అప్పుడు తట్టింది. సెంట్లు, లోషన్లు. వాటిలో ఉండేదీ ఈ స్పిరిటే కదా, బుగ్గ మీద రాసుకునే రెండు చుక్కలే పడవని ఆ కాగితంలో రాశారు కదా.

తలుపు తన్ని తెరిచింది. బయటికొచ్చి గోడ పట్టుకుని గాలి పీల్చింది. "ఈ పాలిష్ చిన్న సీసాలో పోసివ్వండి" అని ఓనరుతో అంది. ఈసారి ఆయన ఎందుకని అడగలేదు.

డాక్టరమ్మ గది బయట ఇరవై మంది ఉన్నారు. ఆమె వరసలో కూర్చోలేదు. తలుపు దగ్గర నర్సు ఆపితే, "నా మొగుడికి మీరిచ్చిన మాత్ర గురించి, రెండే నిమిషాలు, లోపలున్నాయన బయటికి రాగానే వెళ్తాను" అని అక్కడే నిలబడింది. వెళ్లింది కూడా. సీసా బల్ల మీద పెట్టి, గది గురించి, కిటికీల గురించి, మూడు గంటల గురించి, తడిసిన చేతుల గురించి ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

డాక్టరమ్మ సీసా మూత తీసి వాసన చూసి, వెంటనే మూసి, మేస్త్రి ఫైలు తెప్పించింది. అందులో పని అని రాసి ఉన్నచోట వేలు పెట్టింది.

"ఏం పని చేస్తారని అడిగాను. ఫర్నిచర్ షాపులో అన్నారు. రంపం, సుత్తి అనుకున్నాను నేను. ఏ పని అని ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది, అడగలేదు. తప్పు నాదమ్మా."

"అయితే ఆయన తాగలేదా?"

"మామూలుగా వాసనకే ఇంత జరగదు. కానీ మూసేసిన గదిలో మూడు గంటలు, మొహం ఆనించి, చేతులు తడిపి... జరుగుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అనుమానమేమీ లేదు. ఆయన నోట్లో పోసుకోలేదు. ఊపిరితో వెళ్లింది."

ఆమె కుర్చీలో కూలబడింది. ఏడుపు రాలేదు. నిన్న తను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి, అదీ అసలు బాధ.

డాక్టరమ్మ గబగబా రాస్తూనే చెప్పింది. ఈ మాత్ర ఆపేయాలి. ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా పోదు, అన్నాళ్లూ పాలిష్ గది గుమ్మం తొక్కకూడదు. తాగాలనే యావను తగ్గించే వేరే మాత్ర ఉంది, పరీక్షలు చేసి అది మొదలుపెడదాం. దిగులుకిచ్చే మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. ఓనరుకు కాగితం నేనే రాసిస్తాను. చివర కలం ఆపి తల ఎత్తింది.

"ఇప్పుడాయన దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. పాప బడికెళ్లింది."

"మీరు వెంటనే ఇంటికి వెళ్లండి. తాగనివాణ్ణి పట్టుకుని తాగావని అందరూ అన్నారు. ఎలాగూ తాగుబోతునే కదా అనుకుని ఇప్పుడు నిజంగా తాగితే, మాత్ర ఇంకా ఒంట్లోనే ఉంది. నిన్నటిలా సెలైన్‌తో పోయే వ్యవహారం కాదు. రేపు ఆయన్ని వెంటబెట్టుకుని రండి."

రోడ్డు మీదికొచ్చి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తలేదు. ఆటో దొరక్క నడక మొదలుపెట్టింది, నడక పరుగైంది. వీధి మలుపులో మందు షాపు దగ్గర ఆగి, నిలబడ్డవాళ్ల మొహాలన్నీ వరసగా చూసింది. ఒకాయన "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. జవాబు చెప్పకుండా ముందుకు ఉరికింది. తాగి ఉండకూడదు, ఈ ఒక్కసారి తాగి ఉండకూడదు, ఇంకేమీ అడగను అని లోపల్లోపలే మొత్తుకుంది. ఎవరికి మొత్తుకుందో ఆమెకే తెలియదు.

ఇంటి తలుపు తీసే ఉంది. లోపల అడుగు పెట్టి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. బీరువాలోని బట్టలన్నీ నేల మీద. పరుపు తిరగబడి ఉంది. వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయి, బియ్యం కుప్పగా పోసి ఉంది. పాప పాత పుస్తకాల సంచీ అట్ట కూడా చించి చూసినట్టుంది. పాత రోజుల్లో దాచుకున్న సీసా కోసం ఇల్లంతా ఇలాగే గుల్ల చేసేవాడు.

మేస్త్రి వంటింటి అటక కింద స్టూలు మీద నిలబడి పాత పెట్టెలు దించుతున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"తాగావా బావా?" అంది.

"ఇంకా దొరకలేదు" అన్నాడు ఆయన తిరిగి చూడకుండానే.

"ఏది దొరకలేదు?"

"నేను తాగిన సీసా." స్టూలు దిగి ఆమె ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మందు వల్ల కాదు. "నిన్న పొద్దున తాగి ఉంటాను కదా. నువ్వన్నావు, డాక్టరు రాసిచ్చాడు, ఒళ్లు కూడా అదే చెప్పింది. నాకు మాత్రం గుర్తు లేదే. లేచాను, మాత్ర వేసుకున్నాను, షాపుకెళ్లాను, టేబులు దగ్గర నిలబడ్డాను. మధ్యలో తాగినట్టు ఎంత ఆలోచించినా లేదు. ఇంతకు ముందు కూడా ఎన్నోసార్లు తాగి మర్చిపోయాను కదా, ఇదీ అంతే అయ్యుంటుంది. ఖాళీ సీసా దొరికితే ఒప్పేసుకుందామని పొద్దున్నుంచీ వెతుకుతున్నా. దొరకట్లేదు. ఎక్కడ దాచి ఉంటానో నీకేమన్నా తెలుసా?"

ఆమె ఇన్నేళ్లూ ఆయన అబద్ధం చెబుతుంటే తట్టుకుంది. తను అంటగట్టిన అబద్ధాన్ని ఆయన నిజమని నమ్మి, దానికి సాక్ష్యం కోసం ఇల్లంతా వెతుకుతుంటే తట్టుకోలేకపోయింది. దగ్గరకెళ్లి ఆయన చేతిలోని పెట్టె లాక్కుని కింద పెట్టింది. రెండు చేతులూ పట్టుకుని బియ్యం కుప్ప పక్కనే కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

"సీసా లేదు బావా. నువ్వు తాగలేదు."

ఆయన మళ్లీ అటక వైపు చూశాడు.

"పాలిష్‌లో ఉన్న స్పిరిట్ ఊపిరితో లోపలికి పోయింది. ఆ మాత్రకి అది పడలేదు. నేను వెళ్లి చూశాను, ఆ గదిలో నిలబడ్డాను. డాక్టరమ్మ కూడా చెప్పింది. తప్పు ఆవిడది, ఓనరుది, అందరికన్నా ఎక్కువ నాది. నువ్వు చెప్పావు, నేను వినలేదు. నన్ను క్షమించు."

నిన్నటి పొద్దు మొత్తం మళ్లీ మొదటినుంచి తిప్పుకుంటున్నట్టు మేస్త్రి పెదాలు కదిలాయి. లేవడం, మాత్ర, షాపు, టేబులు.

"అయితే నాకు గుర్తున్నదే జరిగిందన్నమాట" అన్నాడు మెల్లగా.

"అవును. నీకు గుర్తున్నదే జరిగింది."

అప్పుడు ఏడ్చాడు ఆయన. ఫిట్స్ వచ్చి ఆస్పత్రి పాలైనప్పుడు గానీ, ఓనరు పనిలోంచి తీసేసినప్పుడు గానీ ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఆపలేదు. కాసేపటికి ఫోను తీసి వదినకు చేసింది. "వదినా, నేను రావట్లేదు. నువ్వే రా, ఇల్లు సర్దాలి, చాలా పనుంది. దారిలో పాపని కూడా తీసుకురా" అంది.

ఫోను పెట్టేసి, చెల్లాచెదురైన గౌన్లలోంచి ఒకటి తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. మేస్త్రి మొహం తుడుచుకుని డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. నేల మీది బియ్యాన్ని దోసిలితో ఎత్తి అందులో పోశాడు. చెయ్యి వణకలేదు.